మంచు హాకీ మొనగాడికి నారాయణపేట శాలువా

మా ఇంట్లో ఏళ్ల తరబడి తెగని పంచాయితీ ఒకటుంది. అది పొలం గట్టు గురించో వాటాల గురించో అయితే ఊళ్లో పెద్దమనుషులు ఎప్పుడో తీర్చేసేవాళ్లు. మాది మంచు హాకీ గురించి. ఆ ఆట పుట్టిన నాటి నుంచి ఆడినవాళ్లందరిలో ఎవరు గొప్ప అన్నది మా బాపుకూ నాకూ మధ్య గొడవ. ఎండాకాలం కట్టంగూరులో కుండలో నీళ్లే చల్లబడవు, మీకు మంచు ఎక్కడిదమ్మా అని మీరు నవ్వుకోవచ్చు. ఊరంతా నవ్వింది, మీరూ నవ్వండి.

బాపు అంటే మా నాన్న, పేరు బీరయ్య. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టి, ఫౌజులో వంటవాడిగా చేరి, చాలా చలికాలాలు లడాఖ్‌లో గడిపాడు. అక్కడ సాయంత్రం చదునైన జాగాలో నీళ్లు పారబోస్తే తెల్లారేసరికి గడ్డకట్టి మైదానం తయారవుతుందట. బూట్ల కింద ఇనుప పట్టీలు బిగించుకుని, జట్టుకు ఆరుగురు చొప్పున, కర్రలతో ఒక నల్లటి రబ్బరు బిళ్ల కోసం దాని మీద కొట్లాడతారు. బిళ్ల వలలో పడితే గోలు. పడకుండా ఆపేవాడు గోల్‌కీపరు. బాపు పలటన్‌లో, అంటే పటాలంలో, గోల్‌కీపరు తాషి అనే లడాఖీ జవాను. తాషిని మించిన ఆటగాడు ఈ భూమ్మీద పుట్టలేదని బాపు వాదన. ఫౌజు వదిలి ఊరికొచ్చి మళ్లీ గొర్లు పట్టుకున్నాక కూడా ఆ మాట మాత్రం వదల్లేదు.

ఆ కథలు విని విని నాకూ ఈ ఆట పిచ్చి అంటుకుంది. నల్లగొండలో సర్కారు గుమాస్తాగా పనిచేస్తూ, పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, కెనడాలో రాత్రి ఆడే మ్యాచులు ఫోన్‌లో చూస్తాను. పాలు పొంగిన రోజులే ఎక్కువ. నా దేవుడు వేరే. కెనడా నుంచి వచ్చిన బక్కపలచని మనిషి, ఎదుటి జట్టు గోలు వెనకాల నిలబడి ఆటంతా నడిపించిన మహానుభావుడు. పేర్లు మాత్రం రాయను. రాస్తే కింద వ్యాఖ్యల్లో మీరూ మీరూ తన్నుకుంటారు. ఆట తెలిసినవాళ్లకు ఆనవాలు చాలు, తెలియనివాళ్లకు పేరు చెప్పినా ఒకటే.

ఇక ప్రయాణం ఎందుకంటే, రెండు నెలల కిందట తాషి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మనవరాలిని బెంగళూరులో కాలేజీలో చేర్చడానికి ఆగస్టులో రైల్లో వస్తున్నానన్నాడు. ఫౌజు వదిలాక వాళ్లిద్దరూ కలుసుకోలేదు. మళ్లీ కలుస్తారన్న నమ్మకమూ లేదు, ఒకరికి మోకాళ్లు పోయాయి, ఇంకొకరికి గొర్లను వదిలి వెళ్లడం కుదరదు. మన దగ్గర గొప్పవాడంటే శాలువా కప్పాలి కదా. వార్డు మెంబరుగా గెలిచినా శాలువానే, బడి పంతులు రిటైరైనా శాలువానే. "దునియల గంత పెద్ద ఆటగాడికి ఇప్పటిదాక ఒక్కడు శాలువ కప్పలె బిడ్డా" అని బాపు నిజంగానే బాధపడ్డాడు. బజారులో దొరికే మెరుపుల శాలువా వద్దని, నారాయణపేటలో తెలిసినవాళ్ల ద్వారా ఒక నేతవారింటికి ఫోన్ చేసి, ఎర్రంచుతో ఒకటి నేయమన్నాడు. శాలువా నేశామని వాళ్లు కబురు చేశారు. తాషి రైలు ఫలానా రోజు సాయంత్రం మహబూబ్‌నగర్‌లో ఆగుతుందని తెలిసింది. ఆగేది రెండే నిమిషాలు. కాచిగూడలో అయితే ఎక్కువసేపు ఆగుతుంది, మాకు దగ్గర కూడా. కానీ శాలువా నారాయణపేటలో ఉంది. కాబట్టి గొర్లను ఒక్కరోజే వదిలి, అదే రోజు పొద్దున బయలుదేరి, మధ్యాహ్నం శాలువా తీసుకుని, సాయంత్రం రైలు అందుకోవాలని లెక్క వేసుకున్నాం.

తెల్లవారుజామున అయిదింటికి కట్టంగూరులో కారెక్కాం. డీజిలుతో కలిపి రోజంతటికీ కిరాయి ఆరు వేలు. బస్సుల్లో వెళ్లేవాళ్లు నల్లగొండలో ఒకసారి, మహబూబ్‌నగర్‌లో ఒకసారి మారాలి, మనిషికి ఒకవైపు ఖర్చు అందులో పదోవంతు కూడా కాదు. రైలుతో పందెం ఉంది కాబట్టి మేం కారే మాట్లాడుకున్నాం. డ్రైవరు సైదులు మా పక్క ఊరివాడే, క్రికెట్ తప్ప వేరే ఆట ఉందంటే ఒప్పుకోనివాడు. హైవే మీద నార్కట్‌పల్లి దాకా లారీల మధ్య నుంచి పోయి, అక్కడ నల్లగొండ వైపు మళ్లాం. దేవరకొండ చేరేసరికి ఏడు కావొస్తోంది. బస్టాండు దగ్గర ఇడ్లీ, వేడివేడి మిర్చి బజ్జీ తిన్నాం. ముగ్గురికీ కలిపి నూట ఇరవై అయింది. పల్లీ చట్నీ మూడుసార్లు అడిగినా విసుక్కోకుండా పోశారు, వాళ్ల పొయ్యి చల్లగుండ.

డిండి దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. చినుకులు పడి ఆగినట్టున్నాయి, పత్తి చేలు కడిగినట్టు ఉన్నాయి. సైదులు ఊరుకోలేక కదిలించాడు.

"అక్కా, ఐసు మీద ఆడితె కాలు జారదా?"

"జారుడే ఆట తమ్మీ" అన్నాను.

"మరి గండ్ల పెద్ద ఆటగాడెవరు?"

అంతే, తేనెతుట్టె కదిలింది. నేను నా కెనడా దేవుడి గురించి మొదలుపెట్టాను. ఒళ్లు పెద్దది కాదు, పరుగు అందరికన్నా ఎక్కువ కాదు, కానీ బిళ్ల ఎక్కడికి రాబోతోందో అందరికన్నా ముందు తెలిసేది. గోలు వెనకాల నిలబడితే కాపలా కాసేవాళ్లకు ముందు చూడాలో వెనక చూడాలో తెలిసేది కాదు. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"మంద ఎన్క నిలబడ్డోనికే మందంత కనపడతది. గాయిన కాపరి అసుంటోడు, ఒప్పుకుంట" అన్నాడు.

ఆయన నా దేవుడి గురించి ఒక మంచి మాట అనడం అదే మొదటిసారి. ఆనందపడేలోపే మిగతాది అందుకున్నాడు. "కని బిడ్డా, గొర్లను ఎవ్వడన్న తోల్తడు. దొడ్డికి కంత వడ్డప్పుడు గండ్ల అడ్డం నిలవడి తోడేలును ఆపుడున్నది సూడు, గదీ మొగతనం. గోల్ల నిలవడ్డోడే అందరికన్న పెద్దోడు."

"అయితే ముఖానికి బిళ్ల తగిలి రక్తం కారుతుంటే కుట్లు వేయించుకుని, ముఖానికి తొడుగు పెట్టుకుని మళ్లీ వచ్చి నిలబడ్డ గోల్‌కీపరు ఉన్నాడు. ఆయన్ని ఒప్పుకో మరి" అన్నాను.

"తొడుగు వెట్టుకున్నడా?" అన్నాడు బాపు. "తాషి ఏం వెట్టుకోలె."

ఇదీ మా వరుస. మోకాళ్లు సహకరించకపోయినా వెనక నుంచి ఎగురుకుంటూ వచ్చి గోల్స్ వేసిన డిఫెండరు గురించి చెప్పాను. పెద్ద జబ్బుకు చికిత్స చేయించుకుని అదే ఏడాది మళ్లీ మంచు మీదికి దిగిన ఆజానుబాహుడి గురించి చెప్పాను. రష్యా నుంచి వచ్చి, ఒకరి మనసులో మాట ఇంకొకరికి తెలిసినట్టు ఆడిన అయిదుగురి గురించి చెప్పాను. అందరికీ బాపు మార్కులు వేశాడు, ఎవరికీ తాషి కన్నా ఎక్కువ పడలేదు. ఇది నేను చేతగాక ఓడిపోవడం కాదు, తాషి బరిలోకే దిగకుండా గెలవడం. నాకు ఒళ్లు మండింది. "తాషి ఆట ఎవరన్నా వీడియో తీసిండ్రా బాపూ? చూడంది ఎట్ల ఒప్పుకోవాలె?" అని గట్టిగానే అన్నాను. బాపు కిటికీ వైపు తిరిగాడు. జడ్చర్ల వచ్చేదాకా కార్లో సైదులు పెట్టిన పాటలే వినిపించాయి.

మహబూబ్‌నగర్ దాటి, దేవరకద్ర, మరికల్ మీదుగా నారాయణపేట చేరేసరికి పదకొండయింది. కర్ణాటక సరిహద్దు దగ్గర్లోనే కాబట్టి బజారులో తెలుగు, కన్నడ కలిసే వినిపిస్తాయి. చీరలు కొనాలంటే ప్రధాన రోడ్డు మీద దుకాణాలున్నాయి. మేం వెతుక్కుంటూ పోయింది మాత్రం ఒక సందులో మా శాలువా నేసిన అంబమ్మగారి ఇంటికి. ముందు గదంతా గుంట మగ్గమే. ఆమె భర్త గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన చేతులే తప్ప నోరు పెద్దగా కదలదు. మాటలన్నీ అంబమ్మవే.

నీళ్లు, చాయ అయ్యాక బాపు శాలువా అడిగాడు. అంబమ్మ మగ్గం మీద నేసిన బట్ట చుట్టుకునే కర్రను చూపించింది.

"మీది నేసి ఇరవై దినాలాయె అన్నా. అండ్లనే ఉన్నది."

"ఏది చెల్లె? నాకు ఆకుపచ్చ చీర కనపడుతున్నది."

"దాని లోపల ఇంకో చీర, దాని లోపల ఇంకోటి. అన్నిటికన్న లోపట మీ శాలువ."

అప్పుడు అర్థమైంది. నారాయణపేటలో ఒక చీర కోసం మగ్గం ఎక్కించరు. ఒకేసారి ఎనిమిది చీరలకు సరిపడా పొడవుగా పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తారు. ఒకదాని తర్వాత ఒకటి నేసుకుంటూ, నేసింది చుట్టుకుంటూ పోతారు. పడుగు అయిపోయాకే అన్నీ కలిపి దించి విడివిడిగా కోస్తారు. మా శాలువా మొదట నేసినందుకు అన్నిటికన్నా అడుగున ఉండిపోయింది. ఆమె అబద్ధం చెప్పలేదు, నేసింది. నేశాక మా చేతికి రావడానికి ఇంకా అయిదు చీరలు నేయాల్సి ఉందని గొర్లకాపరులకు, గుమాస్తాలకు ఎవరు చెప్తారు? బొచ్చు కత్తిరిస్తే అప్పుడే చేతికొస్తుంది, బట్ట కూడా అంతే అనుకున్నాం.

"ఎప్పుడు దిగుతది?" అన్నాడు బాపు.

"నెలన్నర వట్టొచ్చు."

బాపు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సాయంత్రం రైలు సంగతి నేను చెప్పాను. అంబమ్మ పాపం మొహం చిన్నబుచ్చుకుంది, కానీ మెత్తబడలేదు. ఆకుపచ్చ చీర అప్పుడే మొదలైంది, మూరెడు నేశారు. ఇప్పుడు కత్తెర పెడితే ఆ మూరెడు దండగ. పైగా మిగిలిన పడుగునంతా మళ్లీ కర్రకు కట్టి, ప్రతి దారమూ ఒకే బిగువుతో వచ్చేలా సరిచేయాలి. ఒకరోజు పని పోతుంది. దండగ మేం కట్టుకుంటామన్నాను. ఆమె చేత్తో తోసేసింది.

"పైసల ముచ్చట కాదు బిడ్డా. పడుగు నడుమ కత్తెర వెట్టొద్దని మా అత్త జెప్పేది. నేను ఈ ఇంటికొచ్చిన కాంచి ఒక్కసారి వెట్టలె. ఇంతకు గాయిన ఎవరు, మంత్రినా?"

"కాదు చెల్లె, ఆటగాడు" అన్నాడు బాపు.

తర్వాత ఆయన చెప్పింది నేనూ ఎప్పుడూ వినలేదు. పలటన్ జట్టుకు ఒకసారి పెద్ద మ్యాచు పడిందట. గోల్‌కీపరు ఛాతీకి కట్టుకోవాల్సిన దట్టమైన తొడుగు అందలేదు. ఆ బిళ్ల రాయిలా ఉంటుంది, నేరుగా రొమ్ముకు తగిలితే ఊపిరి ఆగుతుంది. తాషి అయినా సరే నిలబడతానన్నాడు. బాపు దగ్గర ఆయన అవ్వ, అంటే వాళ్లమ్మ, ఇచ్చి పంపిన గొంగడి ఒకటుండేది. మా గొర్ల బొచ్చుతో, అవ్వ తన చేత్తో వడికిన నూలుతో నేయించిన నల్ల గొంగడి. బాపు దాన్ని వంట కత్తితో నిలువునా కోసి, మడతలు పెట్టి, సంచులు కుట్టే సూదితో కుట్టి తాషి ఛాతీకి కట్టాడు.

"అవ్వ అడిగితె రైల్ల పోయిందని చెప్పిన" అన్నాడు బాపు. "ఆ దినం ఒక్క గోలు పోలె చెల్లె. ఒక్కటంటె ఒక్కటి. ఆట అయినంక గొంగడి ఇప్పిజూస్తె రొమ్ము మీద అన్ని నల్లగ కమిలిన మచ్చలే. నవ్వుకుంట చాయ్ అడిగిండు."

మగ్గం ఆగింది. అంబమ్మ భర్త అడ్డదారం నడిపే నాడె చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"అమ్మ ఇచ్చిన గొంగడిని కోసినవా?" అంది అంబమ్మ. బట్టలు నేసేవాళ్లకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆమె మొహంలో తెలిసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు బిడ్డా. నిజంగనే గాయిన అందరికన్న పెద్దోడా?"

బాపు నా వైపు చూడలేదు. నేలకేసి చూస్తున్నాడు. అవునని ఒక్క మాట అంటే పనైపోయేది. కానీ ఇన్నేళ్లు ఈ ఆటను ప్రేమించి, ఆ మాట అబద్ధంగా అనడానికి నాకు నోరు రాలేదు.

"నాకు తెల్వదమ్మా. నేను చూడలె. నేను చూసినోళ్లల్ల శానా గొప్పోళ్లున్నరు. బాపుకు మాత్రం ఆయనే పెద్దోడు."

"శాలువ కప్పెటోడు మీ బాపే కద" అంది అంబమ్మ. లేచి, గూట్లోంచి కత్తెర తీసి, దేవుడి పటానికి ఒకసారి మొక్కి, భర్తకు అందించింది. ఆయన కోశాడు. ఆకుపచ్చ మూరెడు ముక్క, వంగపండు, పసుపు చీరలు ఒక్కొక్కటే విడి, చివర మా శాలువా బయటికొచ్చింది. తెలుపు మీద సన్నటి గళ్లు, అరచేయంత ఎర్రంచు. బాపు దాన్ని అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు. శాలువా ఖరీదు పన్నెండు వందలు తీసుకుంది గానీ దండగ ఎంత బతిమిలాడినా తీసుకోలేదు. చివరికి ఆ రద్దయిన మూరెడు ముక్కను నేను జాకెట్టు గుడ్డకని కొనుక్కున్నాను. దానికీ బేరమాడింది, తక్కువకిస్తానని.

బస్టాండు దగ్గర జొన్నరొట్టె, పప్పు, పల్లీల పొడితో భోజనం చేశాం. మనిషికి ఎనభై, కడుపు నిండా పెడతారు. మహబూబ్‌నగర్ స్టేషనుకు చాలా ముందే చేరి, ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకుని, దారిలో తినమని పెద్ద పొట్లం వేయించిన పల్లీలు కొన్నాం. రైలు అరగంట ఆలస్యం. బాపు ఈలోపు శాలువా మడత నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు వేశాడు. తాషిని తలుపంత మనిషని చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చాడు కాబట్టి నేను అలాంటి మనిషి కోసమే చూస్తున్నాను.

రైలాగింది. పెట్టె మెట్ల మీది నుంచి బాపు భుజం దాకా కూడా రాని ముసలాయన ఒకడు, మోకాలు పట్టుకుంటూ దిగాడు. "బీరూ!" అన్నాడు. బాపు ఒక్క అంగలో దగ్గరికెళ్లాడు. శాలువా కప్పాడు, పట్టుకుని ఏడ్చాడు, ఇద్దరూ నవ్వారు. రెండు నిమిషాలూ అలాగే గడిచిపోయేలా ఉన్నాయి. బాపుకు అప్పుడు గుర్తొచ్చి, నన్ను ముందుకు లాగి, ఫౌజీ హిందీలో ఫిర్యాదు చేశాడు. ఇది నా బిడ్డ, నీ ఆట మొత్తం తెలుసంటుంది, కెనడా ఆయనే అందరికన్నా గొప్పంటుంది, నువ్వే చెప్పు దీనికి!

తాషి నన్ను చూసి కళ్లు చికిలించి నవ్వాడు. "అమ్మాయి మాటే కరెక్టు బీరూ. ఆయన ముందు నేనెంత? గోలు వెనకాల నిలబడేవాడు కదా, అబ్బ!" అన్నాడు.

బాపు మొహం చూడాల్సింది. పంచాయితీ నేను గెలిచాను, అదీ ఎదుటి పక్షం సాక్షి మాటతో. ఎందుకోగానీ నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు. కూత పడింది. మనవరాలు పైనుంచి చెయ్యందిస్తే తాషి ఎక్కాడు. రైలు కదిలాక చూసుకుంటే పల్లీల పొట్లం నా చేతిలోనే ఉంది. వెంట పరుగెత్తి విసిరాను. నాది గొర్లకాపరి చెయ్యి కాదు, పొట్లం తలుపుకు బాగా ఎడంగా, ఎత్తుగా పోయింది. ఆ ముసలాయన కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఎడమ చెయ్యి చాచాడు. చెయ్యి ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. పొట్లం ఆయన అరచేతిలో ఉంది. ఒక్క పల్లీ కింద పడలేదు.

"మీరే! మీరే అందరికన్న పెద్దోళ్లు!" అని అరిచాను, తెలుగులో, ప్లాట్‌ఫారమంతా తిరిగి చూసేలా. ఆయనకు వినపడిందో లేదో తెలియదు. ఎర్రంచు కాసేపు కనపడి మలుపు తిరిగింది. వెనక్కి తిరిగితే బాపు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమంటివి? రైలు చప్పుడుకు నాకినపడలె. మల్లొక్కసారి అను."

అన్నాను. కారులో సైదులు ఎదుట మళ్లీ అనిపించుకున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ముందు కూడా. నేను చూసిన వీడియోల్లో గొప్పవాళ్లు ఎందరో ఉన్నారు, రేపు పొద్దున మళ్లీ వాళ్లనే చూస్తాను, పాలు మళ్లీ పొంగిస్తాను. కానీ వాళ్లలో ఎవరూ నా కళ్ల ముందు ఆడలేదు. తాషి ఆడాడు, కదిలే రైల్లో, ఒంటిచేత్తో, ఒక్కసారి. బాపు ఎన్ని చలికాలాలు ఆ చెయ్యిని చూశాడో తలచుకుంటే, ఇన్నేళ్లూ ఆయన అతిగా చెప్పలేదు, తక్కువే చెప్పాడేమో అనిపించింది. నాకు ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. నారాయణపేటలో దుకాణంలో కాకుండా మగ్గం దగ్గరే చెప్పి నేయించుకుంటే, మీ బట్ట నేశారా అని అడిగి బయలుదేరకండి. మగ్గం మీది పడుగు ఎప్పుడు దిగుతుందో అడిగి, దానికి ఇంకో వారం కలుపుకుని వెళ్లండి. మా కోసం ఒకసారి కత్తెర పెట్టిన ఇల్లు అది, ఇంకోసారి పెట్టించకండి.